విరిగిన క్రేయాన్స్, పొంగనాల పెనం, మా నాయన చెయ్యి

నేను కడప జిల్లా వల్లూరు నుంచి మాట్లాడుతున్నా. మొదలుపెట్టే ముందు మీకొక చిన్న పని చెప్తా. వీడియో పాజ్ చేసి మీ ఇంట్లో ఒకసారి వెతకండి. అల్మారా కింద, కుట్టుమిషన్ సొరుగులో, పాత కంపాస్ బాక్సులో. విరిగిన క్రేయాన్ ముక్కలు ఒక పదైనా దొరుకుతాయి. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు, డబ్బాడు దొరుకుతాయి.

మా ఇంట్లో 63 దొరికాయి. నిజంగానే కూర్చుని లెక్కపెట్టా. మా అక్క కొడుకు ఒకటో తరగతి. పోయిన వేసవి సెలవులకి మా ఇంటికొస్తూ బిస్కెట్ డబ్బా నిండా తెచ్చాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా పూర్తి క్రేయాన్ లేదు. కొన్ని గోరంత, కొన్ని గింజంత. "చిన్నమ్మా, ఇవి పట్టుకునేకి రాలేదు, కొత్తవి కొనియ్యి" అన్నాడు. మా అమ్మ ఆ మాట విని డబ్బా తీసుకుని నేరుగా చెత్తబుట్ట దగ్గరికి పోయింది. నేను ఉరికి పోయి లాక్కున్నా. అప్పుడు నా మనసులో పెద్ద ఆలోచనేం లేదు. వీటితో ఒక రీల్ అయితే తీయొచ్చు కదా అనుకున్నా, అంతే.

ఈరోజు ఆ 63 ముక్కల సంగతే చెప్తా. ఎట్లా కరిగించాలి, నేనేం తప్పు చేశాను, వాటితో ఇంట్లోనే ఏమేం బొమ్మలు చేయొచ్చు, అన్నీ చెప్తా. మధ్యలో మా నాయన వస్తాడు. ఆయన లేకుండా ఈ కథ లేదు, అందుకని చివరిదాకా ఉండండి.

ముందు క్రేయాన్ అంటే ఏంటో తెలుసుకుందాం. పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. కొవ్వొత్తిలో ఉండే పారఫిన్ మైనమే, దాంట్లో రంగు పొడి కలిపి, అచ్చులో పోసి చల్లారబెడతారు. అమెరికాలో క్రేయోలా వాళ్ళు 1903లో మొదటి డబ్బా అమ్మారు. 8 రంగులు, 5 సెంట్లు. ఇన్నేళ్ళయినా లోపలి సరుకు అదే, మైనం, రంగు.

ఇప్పుడు ఆలోచించండి. పెన్నులో రీఫిల్ అయిపోతే ఆ పెన్ను పని అయిపోయినట్టే. కానీ క్రేయాన్ విరిగితే ఏం పోయింది? మైనం అట్లే ఉంది. రంగు అట్లే ఉంది. పోయింది పట్టు ఒక్కటే. వేళ్ళకి పట్టు దొరకట్లేదని మనం దాన్ని చెత్తలో వేస్తున్నాం. ఈ "పట్టు" అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

సరే, నా తప్పు సంగతి. ఇది తప్పకుండా వినండి, ఎందుకంటే ఇన్‌స్టాలో సగం వీడియోల్లో ఇది చెప్పరు.

నేను ఏం చేశానంటే, ఒక పాత గిన్నెలో క్రేయాన్ ముక్కలు వేసి డైరెక్ట్‌గా గ్యాస్ స్టవ్ మీద పెట్టా. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోన్. రంగులు కరుగుతుంటే భలే ఉంది, జూమ్ చేసి మరీ తీస్తున్నా. మంట తగ్గించాలనే ధ్యాసే లేదు. కాసేపటికి పొగ మొదలైంది, ముక్కు మండే వాసన. స్టవ్ ఆపుదామనుకునేలోపు గిన్నెలో భగ్గుమని మంట లేచింది. నేను కంగారులో పక్కనున్న చెంబు నీళ్ళు ఎత్తా. మా అమ్మ వెనక నుంచి నా చెయ్యి పట్టి లాగి, పళ్ళెం తీసి గిన్నె మీద బోర్లించి, గ్యాస్ కట్టేసింది. మంట ఆరిపోయింది. "నూనె మండుతాంటే నీళ్ళు పోచ్చారంటే నీకు బుద్ధుందా?" అనింది.

మా అమ్మకి కెమిస్ట్రీ తెలీదు, కానీ చెప్పింది అక్షరాలా నిజం. కాగిన మైనం కూడా నూనె లాంటిదే. మండే మైనంలో నీళ్ళు పోస్తే నీళ్ళు అడుక్కి పోతాయి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న మైనాన్ని పైకి ఎగజిమ్ముతాయి. ఆ రోజు ఆ చెంబు నీళ్ళు పోసి ఉంటే ఈరోజు ఈ ముఖంతో మీ ముందు కూర్చునేదాన్ని కాదు. కాబట్టి ఫ్రెండ్స్, మైనాన్ని ఎప్పుడూ నేరుగా మంట మీద పెట్టొద్దు. పొరపాటున అంటుకుంటే మూత పెట్టండి, స్టవ్ ఆపండి. నీళ్ళు మాత్రం వద్దు. వేడి మైనం చర్మం మీద పడితే మాత్రం వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్ళు, ఓ 20 నిమిషాలు. చిన్నపిల్లల్ని కరిగించే దగ్గరికే రానియ్యొద్దు.

ఆ రీల్ నా ఫోన్‌లో ఇంకా ఉంది. చివర్లో మా అమ్మ చెయ్యి, పళ్ళెం, తర్వాత అంతా మా వంటింటి పైకప్పు. పోస్ట్ చేయలేదు.

ఇప్పుడు మా నాయన గురించి చెప్పాలి.

మా నాయన ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కడప బండ తెలుసు కదా? నల్లగా ఉంటుంది, నాపరాయి అంటారు. మీ ఇంట్లో వంటింటి గట్టుకో, మెట్లకో, అల్మారా అరలకో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. దేశంలో ఎక్కడికి పోయినా దాన్ని మా జిల్లా పేరుతోనే పిలుస్తారు. ఆ బండల మీద సుద్దముక్కతో గీత గీసి, మిషన్ కింద పెట్టి కోయించడం మా నాయన పని. స్కేలు లేకుండా గీసినా గీత తిన్నగా ఉండేదని తోటివాళ్ళు చెప్తారు.

రెండేళ్ళ కింద ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు. కాలు మెల్లగా కోలుకుంది, కర్ర పట్టుకుని నడుస్తాడు. మాట కూడా కొంచెం నిదానమైంది కానీ అర్థమవుతుంది. చెయ్యి మాత్రం సరిగ్గా రాలేదు. వేళ్ళు ముడుచుకుంటాయి, కానీ సన్నటి వస్తువు నిలవదు. చెంచా జారిపోతుంది. పెన్ను అయితే అసలు నిలవదు.

ఒకసారి బ్యాంకులో పనిపడింది. సంతకం పెట్టాలి. మా నాయన ఏడో తరగతి దాకా చదివాడు. వాళ్ళ అన్నదమ్ముల్లో సంతకం వచ్చింది ఈయనకొక్కడికే. మూడుసార్లు ప్రయత్నం చేశాడు. పెన్ను జారింది, గీత పక్కకి పోయింది. కౌంటర్‌లో ఉన్నాయన విసుక్కోలేదు పాపం, కానీ "వేలిముద్ర వేసేయండి పెద్దాయనా" అని స్టాంప్ ప్యాడ్ ముందుకి జరిపాడు. మా నాయన వేశాడు. ఇంటికొచ్చే దాకా ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చాక ఆ బొటనవేలు సోపు పెట్టి కడుక్కుంటూనే ఉన్నాడు. ఇంకు ఎప్పుడో పోయింది, ఆయన మాత్రం ఆపలేదు.

ఫిజియోథెరపీ చేసే ఆయన ఒక స్పాంజి బాల్ ఇచ్చి రోజూ పిసకమన్నాడు. మా నాయన రెండు రోజులు పిసికి మంచం కింద పడేశాడు. "పిల్లోల్ల ఆట" అన్నాడు. అంతే, ఇక ముట్టలేదు.

సరే. వంటింట్లో మంట సంగతి జరిగిన సాయంత్రం నేను మొహం మాడ్చుకుని వసారాలో కూర్చున్నా. నాయన నులక మంచం మీద నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. అడగకుండానే ఒక మాట అన్నాడు. "పొయ్యి ఎందుకు మా? రేపు పొద్దెక్కినాక మిద్దె మీద బండ మీద పెట్టు. మద్యానానికి నీళ్ళయితాది."

చూడండి, నేను యూట్యూబ్‌లో పది వీడియోలు చూశా. హెయిర్ డ్రయ్యర్ అన్నారు, ఓవెన్ అన్నారు, మైక్రోవేవ్ అన్నారు. ఇవేవీ మా ఇంట్లో లేవు. మాకున్నది కడప ఎండ. మే నెలలో 42, 43 డిగ్రీలు మాకు మామూలే. అది గాలి వేడి మాత్రమే. నల్ల బండ ఎండని పీల్చుకుని దానికంటే చాలా ఎక్కువ కాలుతుంది. చెప్పుల్లేకుండా కాలు పెడితే గంతులేయాల్సిందే. క్రేయాన్ మైనం 50 డిగ్రీల దగ్గర్నుంచి కరగడం మొదలుపెడుతుంది. బండల్లోనే బతికిన మనిషికి ఈ లెక్క థర్మామీటర్ లేకుండానే తెలుసు.

అచ్చు ఏంటి మరి? మా ఇంట్లో పాత పొంగనాల పెనం ఒకటుంది. ఇనుముది, ఏడు గుంతలు, పిడి విరిగిపోయి మూల పడేసింది. గుంత పొంగనాలు తెలీని వాళ్ళ కోసం చెప్తా, దోసె పిండిలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి ఆ గుంతల్లో పోసి కాలుస్తారు, మా రాయలసీమ టిఫిన్. ఆ పెనం నల్లగా ఉంటుంది, అంటే ఎండని బాగా పడుతుంది. గుంత అరచేతిలో పట్టేంత. ఇంతకంటే మంచి అచ్చు ఎక్కడ దొరుకుతుంది? మొదట ఇడ్లీ ప్లేటు అనుకున్నా, కానీ మా ప్లేటుకి అడుగున చిల్లులున్నాయి, మైనం మొత్తం కారిపోతుంది. అమ్మ అడిగింది, "మళ్ళా దాంట్లో పొంగనాలు పోసుకునేకి అయితాదా?" కాదు. ఇది గట్టిగా చెప్తున్నా, ఒకసారి క్రేయాన్ కరిగించిన గిన్నె ఇక తిండికి వాడకూడదు. పాతది, పనికిరానిది మాత్రమే తీసుకోండి.

ఇప్పుడు చేసే పద్ధతి, వరసగా చెప్తా.

ముందు క్రేయాన్స్ వేరు చేయండి. అన్నీ ఒకే రకం కాదు. గోటితో గీకండి. పొడిపొడిగా, పొట్టులాగ రాలితే మైనం క్రేయాన్, అది మనకి కావాలి. వేలికి జిడ్డుగా అంటుకుని రుద్దుకుపోతే ఆయిల్ పాస్టెల్, దాన్ని పక్కన పెట్టండి, కలిపితే మెత్తగా సాగుతుంది, గట్టిపడదు. గీకితే గట్టిగా ప్లాస్టిక్‌లాగ ఉంటే ప్లాస్టిక్ క్రేయాన్, అది ఈ వేడికి కరగదు.

రెండోది, కాగితం తీయాలి. గోరువెచ్చటి నీళ్ళలో 15 నిమిషాలు నానబెడితే చాలా వరకు తొక్కలాగ వచ్చేస్తుంది. తర్వాత పాత గుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టండి. తడి ఉండకూడదు.

మూడోది, రంగులు జత చేయడం. ఇక్కడ పిల్లలు ఆగరు, అన్నీ కలిపేస్తామంటారు. అన్నీ కలిపితే వచ్చేది ఇంద్రధనస్సు కాదు, పేడ రంగు. ఎరుపు, నారింజ, పసుపు ఒక గుంతలో. నీలం, ఆకుపచ్చ ఒక గుంతలో. గోధుమ, నలుపు విడిగా. ముక్కల్ని చిన్నగా విరిచి గుంత పైకి కుప్పగా వచ్చేటట్టు పోయండి, కరిగితే కిందికి దిగుతుంది.

నాలుగోది, ఎండ. పదకొండు గంటలకు మిద్దె మీద బండపై పెనం పెట్టి, పైన ఒక గాజు పలక మూశా. పాత ఫోటో ఫ్రేమ్ అద్దం అది. గాజు ఉంటే లోపలి వేడి బయటికి పోదు, దుమ్ము పడదు. ఒంటిగంటకి అంచులు మెత్తబడ్డాయి. రెండున్నరకి ఏడు గుంతల్లో ఏడు చిన్న చెరువులు. రంగులు మెలికలు తిరిగి ఉన్నాయి. మా అక్క కొడుకు "చిన్నమ్మా, చిన్నమ్మా" అని ఎగురుతున్నాడు, నేను చెయ్యి పెట్టనివ్వలేదు.

ఒక చిట్కా. కరిగాక ఎక్కువసేపు అట్లే వదిలేస్తే రంగు బరువుకి కిందికి దిగి, పైన రంగులేని మైనం తేలుతుంది. దానితో రాస్తే ఏమీ పడదు. అందుకని కరగ్గానే చీపురు పుల్లతో ఒక్కసారి మెల్లగా తిప్పి, మందపాటి మసిగుడ్డతో పట్టుకుని నీడకి తెచ్చేయండి. రెండు గంటలు ఆరనిచ్చి, 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. మైనం చల్లబడి కాస్త కుంచించుకుపోతుంది, బోర్లించి తడితే టప్పున ఊడుతుంది. వానాకాలం అయితే? పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, దాంట్లో చిన్న డబ్బా పెట్టి కరిగించండి. నీళ్ళ వేడి 100 డిగ్రీలు దాటదు కాబట్టి మైనం అంటుకునే వేడికి పోదు. మిగిలిన మైనం మాత్రం సింకులో పోయొద్దు, పైపులో గడ్డకడుతుంది.

అట్లా ఏడు పొంగనాలొచ్చాయి. ఇవిగో, చూపిస్తున్నా. పైన గుండ్రం, కింద చదును. సగం నిమ్మకాయ లాగ.

రీల్ పెట్టేశా, లైకులొచ్చాయి, అక్కడితో అయిపోవాల్సింది. ఆ రాత్రి ఫోన్‌లో ఇట్లాంటివే చూస్తుంటే ఒక సంగతి కనిపించింది. అమెరికాలో కాలిఫోర్నియాలో బ్రయాన్ వేర్ అనే ఆయన ఉన్నాడు. అక్కడ రెస్టారెంట్లలో పిల్లలకి గీసుకోడానికి క్రేయాన్స్ ఇస్తారు, పిల్లలు లేచి వెళ్ళగానే అవి చెత్తలోకి పోతాయి. ఈయన వాటిని సేకరించి, కరిగించి, కొత్త క్రేయాన్స్ చేసి పిల్లల ఆసుపత్రులకి పంచుతున్నాడు. క్రేయాన్ ఇనిషియేటివ్ అని దాని పేరు. నన్ను ఆపింది ఏంటంటే, ఆ క్రేయాన్ ఆకారం. మామూలుగా సన్నగా, గుండ్రంగా ఉండదు. లావుగా, మూడు పలకలుగా ఉంటుంది. చిన్న చేతులకి, బలం లేని చేతులకి పట్టు దొరకాలని, మంచం మీది ట్రే నుంచి దొర్లిపోకూడదని అట్లా చేశారు.

పట్టు. నేను లేచి కూర్చున్నా. వసారాలో నాయన నిద్రపోతున్నాడు, ఆ చెయ్యి పొట్ట మీద ముడుచుకుని ఉంది. ఆయన వేళ్ళకి సన్నటిది నిలవదు. మరి సగం నిమ్మకాయంత ఉన్నది?

పొద్దున్నే ఎర్ర పొంగనం తీసుకుని పోయి ఆయన అరచేతిలో పెట్టా. సరిగ్గా సరిపోయింది. వేళ్ళు దాని చుట్టూ ముడుచుకున్నాయి, జారలేదు. నాకు భలే సంతోషమేసింది. పేపర్ ముందు పెట్టి "ఏదన్నా గీయి నాయనా" అన్నా.

ఆయన పేపర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, పొంగనం మంచం మీద పెట్టేశాడు. "ఆ పిల్లోనికి ఇయ్యి మా. నేనేం బొమ్మలేచ్చా?"

స్పాంజి బాల్ కథే మళ్ళీ. నేను కొంచెం గట్టిగా మాట్లాడా కూడా, ఒప్పుకుంటున్నా. "నీ కోసమే కదా చేసింది" అన్నా. నిజానికి ఆయన కోసం చేయలేదు, రీల్ కోసం చేశా. ఆయన ఏం మాట్లాడకుండా అటు తిరిగి పడుకున్నాడు.

మార్పు తెచ్చింది నేను కాదు, మా అక్క కొడుకు. వాడికి బళ్ళో ఆకు అచ్చు నేర్పించారు. ఆకు మీద కాగితం పెట్టి క్రేయాన్‌తో రుద్దితే ఈనెలతో సహా ఆకు పడుతుంది కదా, అది. రావి ఆకు, వేపాకు అయిపోయాయి, రూపాయి బిళ్ళ అయిపోయింది, దువ్వెన అయిపోయింది. తర్వాత వసారాలో పరిచిన బండ మీదే కాగితం పెట్టి, పొంగనం చదును వైపు కిందికి పెట్టి రుద్దుతున్నాడు. కాగితం నిండా సన్నటి గీతలు పడ్డాయి. "తాతా, ఇది యేం ఆకు?" అని తీసుకెళ్ళి చూపించాడు.

నాయన ఆ కాగితాన్ని ఎడం చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఆకు కాదురా అది. ఉలి దెబ్బ" అన్నాడు.

లేచి కర్ర పట్టుకుని వచ్చి ఆ బండ పక్కన కూర్చున్నాడు. పొంగనం అడిగి తీసుకున్నాడు. కుడి చేతిలో పెట్టుకుని, పైన ఎడం చెయ్యి వేసి, భుజంతో సహా మెల్లగా ముందుకి వెనక్కి. పిల్లోడు కాగితం నాలుగు మూలలూ కదలకుండా పట్టుకున్నాడు. ఇది వేళ్ళతో చేసే పని కాదు చూడండి, చెయ్యి మొత్తం చేసే పని. తిన్నగా గీయక్కర్లేదు, తప్పు పోవడం ఉండదు. రాయి మీద ఏముందో అదే పైకి వస్తుంది.

వాడికి చెప్తున్నాడు. "ఈ పక్కపక్క గుంతలు సూడు, ఇయి చేత్తో కొట్టినవి, ఉలీ సుత్తీ. మీ యవ్వ పెండ్లయి వచ్చేపొద్దుటికే ఉండాది ఈ బండ. అద్దో ఆ మెట్టు మీద రుద్దు, అది మిషన్ కోత, ఇల్లు లాగినట్టు వంకర గీతలొచ్చాయి." పిల్లోడు పోయి రుద్దాడు. నిజంగానే విల్లులాగ వంకర గీతలు పడ్డాయి, గుండ్రటి కోత చక్రం తిరిగిన జాడ. నేను పుట్టినప్పటి నుంచి ఆ మెట్టు తొక్కుతున్నా, ఒక్కరోజు చూడలేదు.

ఆ రోజు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ అయిపోయాయి. కడప బండ గనిలో పొరలు పొరలుగా ఎట్లా లేస్తుందో, ఏ పొర మంచిదో, ఏది కోసేటప్పుడు పగులుతుందో, రెండేళ్ళలో మాట్లాడనన్ని మాటలు మాట్లాడాడు. మా అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి వింటూ ఉండిపోయింది. పప్పు మాడింది ఆ రోజు. ఎవ్వరం ఏం అనలేదు.

ఇట్లా రాతి మీద కాగితం పెట్టి అచ్చు తీయడం పిల్లల ఆట మాత్రమే అనుకోవద్దు. శాసనాలు చదివేవాళ్ళు చేసేది దీనికి దగ్గరి చుట్టమే. తడి కాగితం శాసనం మీద పరిచి, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంతల్లోకి దిగేటట్టు చేసి, పైన నల్లసిరా అద్దుతారు. రాయి ఎత్తుగా ఉన్నచోట నలుపు, అక్షరం ఉన్నచోట తెలుపు. మన క్రేయాన్ అచ్చులో కూడా అంతే, ఎత్తుకే రంగు పడుతుంది. మా నాయన పనిచేసిన ఎర్రగుంట్ల మండలంలోనే కలమల్ల ఉంది. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం అక్కడిదే. పూర్తిగా తెలుగులో దొరికిన తొలి శాసనంగా దానికి పేరు.

ఇది నాయనకి చదివి వినిపించా. "ఆ రాయి చెక్కినోని పేరు ఉందా దాంట్లో?" అని అడిగాడు. రాజు పేరు ఉంది నాయనా అన్నా. నవ్వి, "రాజు పేరు ఉంటాది లే" అన్నాడు.

ఒక జాగ్రత్త. గుళ్ళ మీద, శాసనాల మీద మాత్రం క్రేయాన్ పెట్టొద్దు. మా మండలంలోనే పెన్న ఒడ్డున పుష్పగిరి ఉంది, గోడల నిండా శిల్పాలే, చూస్తే చెయ్యి ఊరుకోదు. కానీ మైనం రాతికి పట్టిందంటే వదలదు. మీ ఇంటి బండ, మీ ఇంటి తలుపు, చేట, బుట్ట, ఆకులు, ఇవి చాలు.

ఇంకో రెండు పనులు చెప్తా, ముక్కలు మరీ చిన్నవైతే ఇవి చేయొచ్చు.

ఒకటి, మైనం నీళ్ళని దగ్గరికి రానివ్వదు కదా. తెల్ల క్రేయాన్ ముక్కతో తెల్ల కాగితం మీద ముగ్గు వేయండి, గట్టిగా ఒత్తి. ఏమీ కనపడదు. తర్వాత నీళ్ళలో కలిపిన నీలం ఇంకు బ్రష్‌తో పూయండి. ముగ్గు తెల్లగా బయటపడుతుంది. అందరి డబ్బాలో మిగిలిపోయేది తెల్ల క్రేయానే, దానికి ఇదే సరైన పని. వెనకటికి కోరమాండల్ తీరంలో కలంకారీ బట్టల మీద నీలిమందు వేసేటప్పుడు కూడా ఈ సూత్రమే, నీలి అంటకూడని చోట మైనం పూసేవాళ్ళు.

రెండోది, గట్టి అట్ట మీద రంగురంగుల ముక్కలతో ఖాళీ లేకుండా నింపి, దాని మీద నల్ల క్రేయాన్ మందంగా రుద్దండి. తర్వాత అయిపోయిన రీఫిల్‌తో గీకండి. నలుపు పోయినచోట కింది రంగు మెరుస్తుంది. రాత్రిపూట ఊరు, దీపావళి టపాకాయలు, ఇట్లాంటివి భలే వస్తాయి.

ఇప్పుడు మీరు అడుగుతారు, నాయన చెయ్యి బాగైందా అని. అబద్ధం చెప్పను. క్రేయాన్స్‌తో పక్షవాతం నయం కాదు. మందులు వాడుతున్నాడు, ఎక్సర్‌సైజులు చేస్తున్నాడు. ఫిజియో ఆయన్ని అడిగితే, చెయ్యి వాడే ఏ పనైనా మంచిదే, అలుపొస్తే ఆపమన్నాడు. మీ ఇంట్లో ఇట్లాంటి వాళ్ళుంటే మీరూ వాళ్ళ ఫిజియోని అడిగే మొదలుపెట్టండి. మా ఇంట్లో జరిగింది ఒక్కటే, చెయ్యి వాడనన్న మనిషి రోజూ ఓ అరగంట వాడుతున్నాడు. అచ్చులు తీస్తున్నాడు. రెండో నెల నుంచి అచ్చు కాగితం మీదే గీతలు గీయడం మొదలుపెట్టాడు, వెనకటి లాగ బండ కోయడానికి గుర్తు పెట్టినట్టు. మొదట్లో వంకర. ఇప్పుడు కొంచెం తక్కువ వంకర.

ఆ అచ్చులన్నీ కలిపి ఒక వీడియో చేద్దామని క్యాప్షన్ రాశా, "విరిగినవి కూడా మళ్ళీ రంగులిస్తాయి" అని. చాలా బాగుందనుకుని నాయనకి చదివి వినిపించా. ఆయన నా వైపు చూసి, "నేనేమన్నా క్రేయానా మా? చెయ్యి పడిపోయిందంతే. మనిషి ఇరగలా" అన్నాడు. నేను క్యాప్షన్ డిలీట్ చేశా. మీరు కూడా ఈ వీడియో కింద అట్లాంటి కొటేషన్లు పెట్టొద్దు ప్లీజ్, ఆయన కామెంట్లు చదివించుకుని వింటాడు.

పోయిన నెల ఒకరోజు పొద్దున లేచి చూస్తే వసారా బండ మీద నీలం రంగుతో ఒక అక్షరం ఉంది. చెయ్యంత అక్షరం. మా నాయన పేరులో మొదటి అక్షరం. పక్కన రెండో అక్షరం సగం గీసి ఆగిపోయింది. అమ్మ తుడవబోయి, మళ్ళీ చీపురు పక్కన పెట్టేసింది. ఇప్పుడు పేరు మొత్తం వస్తుంది, కాకపోతే క్యాలెండర్ వెనకవైపు అంత కాగితం కావాలి. బ్యాంకు ఫారంలో సంతకానికి ఇచ్చే గడి అగ్గిపెట్టె అంత ఉంటుంది. అక్కడిదాకా వస్తుందని ఏ డాక్టరూ మాట ఇవ్వలేదు. నాయన మాత్రం అక్షరం సైజు వారం వారం తగ్గిస్తున్నాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

63 ముక్కలు అయిపోయాయి. ఇప్పుడు మా వీధిలో పిల్లలందరూ వాళ్ళ ఇళ్ళలో ముక్కలు తెచ్చి మా ఇంట్లో ఇస్తున్నారు. మూడు ముక్కలకి ఒక అచ్చు కాగితం, అది మా అక్క కొడుకు పెట్టిన రేటు. ఎండ చూసుకుని నేను కరిగిస్తున్నా. నిన్న పెనం మిద్దె మీదికి తీసుకుపోతుంటే నాయన వెనక నుంచి కేకేశాడు. "మా, ఈ తూరి నీలం ఎక్కువెయ్. ఎరుపు బండ మీద సరిగా కనపడదు."

సరే ఫ్రెండ్స్, పాజ్ చేసి వెతకమన్నా కదా, ఎవరెవరికి ఎన్ని ముక్కలు దొరికాయో కామెంట్‌లో చెప్పండి. మంట మీద పెట్టొద్దు, మర్చిపోవద్దు. మళ్ళీ కలుద్దాం, ఉంటా.